చెట్లు లెక్కపెడితే కొండ లెక్క తేలదు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న గజపతి, గంజాం, రాయగడ జిల్లాల కొండల్లో ఏమేం మొక్కలున్నాయని అడిగితే జవాబు ఎప్పుడూ చెట్లతోనే వస్తుంది. నల్లమద్ది, చిరుమాను, వేగిస, ఇప్ప, తునికి, సారపప్పు, కరక్కాయ, తాని, ఉసిరి, గుగ్గిలం. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల పెరిగిన తెలుగువాళ్లు ఈ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్తారు. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ జాబితానే కొండ మొత్తం అనుకోవడంలో ఉంది. చెట్లు పలచగా ఉన్న చరియను ఖాళీ భూమి అని రాసుకోవడం, అక్కడ గోతులు తవ్వి టేకో యూకలిప్టసో జీడిమామిడో పెట్టడం, దాన్ని అడవి పెంచడం అనడం, ఇవన్నీ ఆ ఒక్క పొరపాటులోంచి పుట్టినవే.

శుష్క ఆకురాల్చే కొండ అడవిలో పూలమొక్కల రకాలు ఎక్కువగా ఉండేది నేలమీదా, నేలకిందా. గడ్డిజాతులు, తుంగలు, చిక్కుడు కుటుంబపు చిన్న మొక్కలు, దుంపతీగలు, పసుపు జాతులు, నేల ఆర్కిడ్లు, అడ్డసరం కుటుంబం, పొద్దుతిరుగుడు కుటుంబం. ఈ కొండలమీద శ్రద్ధగా తయారైన ఏ జాబితా చూసినా చెట్లది చిన్న వాటాయే. అయినా అడవికి పేరు పెట్టేది చెట్టును చూసే. భారతదేశపు అడవులకు ఇప్పటికీ మనం వాడుతున్న ఛాంపియన్, సేథ్‌ల వర్గీకరణ 1968 నాటిది. అందులో ఐదో గుంపు ఉష్ణమండల శుష్క ఆకురాల్చే అడవులు. దాని లోపలి విభాగాల్లో ముఖ్యమైనవాటికి టేకు, సాల (మన గుగ్గిలం) పేర్లే పెట్టారు. కలప లెక్కకు ఆ పద్ధతి సరిపోతుంది. మొక్కల వైవిధ్యం లెక్కకు సరిపోదు.

ఎందుకు సరిపోదో తెలియాలంటే ఏడాది పొడుగునా కొండమీద ఏ మొక్క ఎప్పుడు కనిపిస్తుందో చూడాలి.

మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాలుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు కొండ చచ్చిపోయినట్టుంటుంది గానీ చెట్లలో చాలావాటికి పూత కాలం అప్పుడే. మోదుగ, బూరుగ, కొండగోగు ఒక్క ఆకైనా లేకుండా పూస్తాయి. ఆకులు అడ్డు లేకపోవడం వల్ల పువ్వు పిట్టలకూ తేనెటీగలకూ దూరం నుంచే కనబడుతుంది. వెనకే ఇప్ప, గుగ్గిలం, తర్వాత రేల, తునికి. గుగ్గిలం గింజ వానలకు కాస్త ముందు రాలుతుంది. వారం పది రోజుల్లో తడి నేల దొరక్కపోతే దాని మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే ఆ గింజను సంచుల్లో దాచి మరుసటి ఏడు చల్లుదామనుకున్న పథకాలు ఏవీ నిలవవు.

వైశాఖంలో నాలుగు చినుకులు పడగానే నేలకింద ఉన్నవి లేస్తాయి. కస్తూరి పసుపు ఆకు వేయకముందే నేల చీల్చుకుని గులాబీరంగు పూగుత్తిని పైకి పంపుతుంది. అడవి కంద కూడా అంతే, ముందు కుళ్లు వాసన కొట్టే పువ్వు, ఆ తర్వాతే గొడుగులాంటి ఆకు. జ్యేష్ఠ, ఆషాఢాల్లో నేలతాడి పూస్తుంది. దాని పసుపు పువ్వు నేలను ఆనుకుని ఉంటుంది, అండాశయం మట్టిలోనే ఉండిపోతుంది. వంగి ఆకులు పక్కకు తొలగించి చూడనివాళ్లకు అది గడ్డి మొక్క. నెర్విలియా అనే చిన్న నేల ఆర్కిడ్ సంగతి ఇంకా చిత్రం. తొలి వానలకు ఒక్క పూకాడ వస్తుంది, కొన్ని రోజులుండి వాడిపోతుంది. అది పోయాకే హృదయాకారంలో ఒకే ఒక్క ఆకు వస్తుంది. పువ్వూ ఆకూ ఎన్నడూ కలిసి ఉండవు. జూన్‌లో వెళ్లినవాళ్లకు ఆకులేని కాడ, ఆగస్టులో వెళ్లినవాళ్లకు పువ్వులేని ఆకు. రెండుసార్లూ ఒకే చోటికి వెళ్లి ఆ చోటును గుర్తుపెట్టుకుంటే తప్ప ఆ మొక్క జాబితాలోకి రాదు.

శ్రావణ, భాద్రపదాల్లో కొండంతా పచ్చగా ఉన్నప్పుడు చాలామంది దట్టమైన అడవిలోకి వెళ్తారు. అప్పుడు చూడాల్సింది బండపరుపులు. రాతిమీద రెండు మూడు అంగుళాల మట్టి, దానిమీద ఊరే నీళ్లు. అక్కడ పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా ఎర్రటి జిగురు చుక్కలతో నేలకు అంటుకుని ఉంటుంది. పక్కనే యుట్రిక్యులేరియా, తెల్లటి గుండీల్లాంటి పూలతో ఎరియోకాలాన్, నీలిరంగు మర్డానియా, సయనోటిస్. ఒక్క చదరపు మీటరులో ఉండే రకాలు పక్కనున్న మద్దిచెట్ల నీడలో పది చదరపు మీటర్లు వెతికినా దొరకవు. హబెనేరియా ఆర్కిడ్లు, అడవినాభి కూడా ఈ రోజుల్లోనే. దసరా దాటితే బండలు ఎండిపోతాయి, ఈ మొక్కలన్నీ మాయమవుతాయి. ఆశ్వయుజ, కార్తికాల్లో గడ్డి కంకులు, తుంగ గింజలు, గిలిగిచ్చ జాతులు, తుమ్మి. మార్గశిరంలో నేలవేము, దాని బంధువులు. ఆపైన మళ్లీ ఆకు రాలడమే.

ఇప్పుడు సర్వేలు ఎలా చేస్తారో చూడండి. మామూలు పద్ధతిలో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న గడిలో చెట్లు కొలుస్తారు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, ఆపైన ఉంటేనే చెట్టుగా లెక్కలోకి వస్తుంది. పొదలకు ఐదు మీటర్ల గడి, గుల్మాలకు, అంటే మెత్తని కాడలున్న చిన్న మొక్కలకు, నాలుగు మూలల్లో ఒక్కొక్క చదరపు మీటరు. ఇలాంటి గడులు పది వేశారనుకుందాం. చెట్లకోసం వెతికిన నేల 4,000 చదరపు మీటర్లు, గుల్మాలకోసం వెతికింది 40. వందో వంతు. పైగా చెట్టు ఏడాదంతా అక్కడే ఉంటుంది. గుల్మం ఆరు వారాలో పది వారాలో కనిపిస్తుంది. రకాలు ఎక్కువున్నచోట వెతుకులాట తక్కువ, రకాలు తక్కువున్నచోట వెతుకులాట ఎక్కువ. ఆ లెక్క చివర వచ్చే వైవిధ్య సూచిక ఎన్ని దశాంశ స్థానాలతో ఉన్నా దానికి విలువ ఉండదు.

గడుల పద్ధతిని వదిలేయమనడం లేదు. చెట్ల సాంద్రతకు అది కావలసిందే. రకాల జాబితా కావాలంటే మాత్రం ఆ గడులకు నడక తోడవ్వాలి. ఒకే దారిని ఏడాదిలో కనీసం ఐదుసార్లు నడవాలి: ఫిబ్రవరి చివర, తొలి చినుకుల తర్వాత వారంలోపు, జూలైలో, ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్యలో, మళ్లీ నవంబరులో. వీటిలో జనం తరచూ వదిలేసేది రెండోది. ఎండకు భయపడి వానలు కుదురుకున్నాక వెళ్తారు. పసుపు జాతుల పూలు, అడవి కంద, నెర్విలియా అప్పటికి అయిపోతాయి. దారి కూడా ఒక్క అడవి లోపలే పోకూడదు. గెడ్డ (వాగు) ఒడ్డు, బండపరుపు, రాళ్ల గుట్ట అడుగు, శిఖరం మీది గడ్డి, పాత పోడు చేను, ఈ ఐదూ తగలాలి. గెడ్డ ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ నీడలో ఉండే మొక్కలు వంద అడుగులు పైకి ఎక్కితే కనిపించవు. కొత్త నడకలో కొత్త పేర్లు రావడం దాదాపు ఆగిపోయాకే జాబితా ఒక కొలిక్కి వచ్చిందనుకోవాలి.

ఎత్తు రాయకపోవడం ఇంకో పెద్ద లోపం. మహేంద్రగిరి 1,501 మీటర్లు. దాని కింది చరియల్లో శుష్క అడవి, పైకి పోయేకొద్దీ తేమ అడవి, నెత్తిన గడ్డిమైదానం. మొత్తం కొండకు ఒకే జాబితా రాసి దాన్ని శుష్క అడవి వైవిధ్యమంటే అది ఆ అడవికి లేని ఘనత అంటగట్టడమే. ప్రతి నమూనా మీదా ఎత్తు ఉండాలి. అలాగే సైకస్‌నూ ఫెర్న్‌లనూ పూలమొక్కల సంఖ్యలో కలపకూడదు. వాటికి పువ్వులుండవు.

పేర్ల దగ్గర జరిగే పొరపాట్లు ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తాయి. కొడిశపాల, అంకుడు రెండూ పాలు కారే చెట్లు, రెండింటికీ ఎదురెదురు ఆకులు, జంటగా వేలాడే పొడుగు కాయలు. ఒకటి విరేచనాల మందుకు బెరడిచ్చేది, రెండోది ఏటికొప్పాక బొమ్మల కర్ర. అంకుడు కాయల జంట పండేదాకా కొనల దగ్గర అతుక్కుని ఉంటుంది, కొడిశ కాయలు విడివిడిగా వేలాడతాయి. అంకుడు పువ్వు మధ్య తెల్లటి కుచ్చు, కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొడిశ పువ్వులో కేసరాలు సన్నటి గొట్టం లోపలే దాగుంటాయి. ఆకు మాత్రమే తెచ్చి పేరు అడిగితే చెప్పేవాడూ ఊహించాల్సిందే. బదనిక అన్న పేరు కూడా అంతే. చెట్టు కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే పరాన్నజీవిని బదనిక అంటారు, కొమ్మను పట్టుకుని ఉండి దాని రసం ముట్టని వాండా ఆర్కిడ్‌నూ బదనిక అంటారు. అటవీ నష్టం లెక్కలో ఈ రెండూ ఒకటైతే ఆర్కిడ్లను కొట్టి పారేస్తారు.

దుంపతీగల్లో తప్పు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. డయోస్కోరియా హిస్పిడా అనే దుంపతీగ ఆకుకు మూడు పత్రకాలు (ఒకే తొడిమకు ఉండే చిన్న ఆకులు), దుంపలో విషం. ముక్కలు కోసి రోజుల తరబడి పారే నీళ్లలో నానబెట్టి, ఉడికించాకే తింటారు. అదే జాతికి చెందిన డయోస్కోరియా పెంటాఫిల్లా ఆకుకు మూడు నుంచి ఐదు పత్రకాలు. తీగ కొసన దొరికిన ఒక్క ఆకుతో రెండూ ఒకేలా కనిపించవచ్చు. అందుకే తీగ అడుగు ఆకు, నడిమి ఆకు, కొస ఆకు మూడూ తీయాలి. ముళ్లున్నాయా, కాండం ఏ వైపు చుట్టుకుంటోంది అన్నది రాయాలి. చేదుదుంప తీగ ఒక వైపు చుట్టుకుంటే పెండలం తీగ దానికి ఎదురు వైపు చుట్టుకుంటుంది. ఈ గుర్తు ఫోటోలో తరచూ పోతుంది, రాసుకుంటే మిగులుతుంది.

ఫోన్ కెమెరాలు వచ్చాక పువ్వు ముఖం ఒక్కటే దగ్గరగా తీసి పేరు అడగడం అలవాటైంది. దానితో పని జరగదు. మొక్క మొత్తం, ఆకు పైభాగం, అడుగుభాగం, ఆకు కాండానికి అతికిన చోటు, పువ్వు ఎదుటి నుంచీ పక్క నుంచీ, కాయ, చెట్టయితే బెరడు. ఇన్ని ఉంటేనే మనిషి చూసి చెప్పగలడు. గిలిగిచ్చ, నీలి జాతులకు కాయ లేకుండా తేల్చలేరు. తుంగకు పండిన గింజ కావాలి, గడ్డికి ముదిరిన కంకి కావాలి. తునికిలాంటి వాటిలో మగ పూలు ఒక చెట్టుకు, ఆడ పూలు ఒక చెట్టుకు ఉంటాయి, రెండూ తీయాలి.

నమూనా ఎండబెట్టడం వానాకాలంలో చాలా కష్టం, చాలా పని అక్కడే చెడుతుంది. ఎండిన మొక్కను అతికించి దాచే హెర్బేరియం షీటు కొలత 42 సెంటీమీటర్లకు 28. దానిలో పట్టేలా పువ్వు, కాయ, వేరు ఉన్న మొక్కను న్యూస్ పేపర్ల మధ్య పరిచి బిగించాలి. మొదటి మూడు నాలుగు రోజులు పేపరు రోజూ మార్చాలి, ముసురు పట్టినప్పుడు పూటకోసారి. మార్చకపోతే రెండో రోజుకే ఆకులు నల్లబడి విడిపోతాయి, మూడో రోజుకు బూజు. దుంపలూ పసుపు కొమ్ములూ నిలువుగా కోసి పలుచని ముక్క మాత్రమే పెట్టాలి. ఆర్కిడ్లనూ కండగల మొక్కలనూ మరిగే నీళ్లలో ఒక్కసారి ముంచి తీయాలి, లేకపోతే ప్రెస్సులో కూడా బతికుండి చిగుళ్లు వేస్తాయి. పసుపు జాతుల పువ్వు ఎండితే ఆకారమే మిగలదు, కాబట్టి ఒక పువ్వును విడిగా 70 శాతం స్పిరిట్‌లో వేసి షీటు నంబరే దానికీ వేయాలి. ఊరికి రావడానికి రోజులు పట్టేటట్టుంటే పేపరు కట్టను పాలిథిన్ సంచిలో పెట్టి స్పిరిట్ పోసి గాలి పోకుండా మూసేస్తే వారాలు ఆగుతుంది, రంగు మాత్రం పోతుంది. పువ్వు రంగు, వాసన, పాలు కారాయా లేదా, మొక్క ఎత్తు, నేల రకం అప్పటికప్పుడే కాగితం మీద పెట్టాలి. ఇవి ఎండిన మొక్కలో దొరకవు.

పాత పుస్తకాలతో పోల్చేటప్పుడు ఒక సంగతి పట్టించుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే వృక్షశాస్త్రవేత్త గాంబుల్ 1915లో మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ 1936లో ముగించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలంలో గంజాం మొక్కలుంటాయి. శ్రీకాకుళం వైపు పనిచేసేవారూ గజపతి వైపు పనిచేసేవారూ ఇద్దరూ దాన్ని చూడాల్సిందే. అయితే అందులోని పేర్లు చాలా మారాయి. చండ్రను ఒకచోట అకేసియా అనీ, ఇంకోచోట సెనెగాలియా అనీ రాసి రెండు మొక్కలుగా లెక్కించిన జాబితాలున్నాయి. సంఖ్య పెరిగిందని సంతోషించే ముందు పర్యాయనామాలు తీసేయాలి.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఈ సరిహద్దు పంచాయతీల్లో ఆ రిజిస్టరులో ఒడియా, తెలుగు, సవర పేర్లు మూడూ పక్కపక్కన ఉండాలని నా వాదన. పేరు చెప్పినవారి ఊరు, హెర్బేరియం నంబరు, చూసిన నెల కూడా ఉండాలి. నంబరు లేని పేరును పదేళ్ల తర్వాత సరిచూడటం కుదరదు.

సరైన జాబితా ఉంటే కొండమీద చేసే పనులు మారతాయి. నిప్పు సంగతే తీసుకోండి. ఇప్పపూలు ఏరడానికి చెట్టుకింద ఆకులు తగలబెడతారు, తునికి చిగురు బాగా వస్తుందని పొదలకు నిప్పు పెడతారు. నిప్పంటుకుంటే అన్నీ ఒకేలా చావవు. ఫిబ్రవరిలో నేలమీద పారే మంట దుంపలను పెద్దగా తాకదు, అవి లోపల నిద్రలో ఉంటాయి. బట్టలకు గుచ్చుకునే హెటెరోపోగాన్ గడ్డి గింజ తన ముల్లు మెలిక తిరిగి మట్టిలోకి దిగుతుంది, అదీ బతుకుతుంది. పోయేవి మీటరు లోపు ఎత్తున్న చెట్ల మొలకలు, నేల ఉపరితలం మీద పడున్న గింజలు. తొలి చినుకులు పడ్డాక వచ్చే మంట వేరు. అప్పటికి దుంప తన నిల్వంతా ఖర్చుపెట్టి పూకాడ పైకి తెచ్చింది. అది కాలితే ఆ ఏడు గింజ లేదు, వరసగా కాలితే దుంప చిక్కిపోతుంది. ఏటా ఒకే చరియ కాలినచోట గడ్డి రెండు మూడు రకాలకు తగ్గి, మిగతావి కనబడవు. తునికి పొదను కత్తితో నరికితే చాలు, ఫిబ్రవరి, మార్చిలో నరికిన నెలన్నరకు ఆకు కోతకొస్తుంది. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చినా సరే, నేలకు అడుగు ఎత్తున వల కట్టినా సరే, పువ్వుకు మట్టీ బూడిదా అంటవు, ధర కూడా బాగుంటుంది. ఏరేవారికి నిప్పు పెట్టొద్దని చెప్పి ఊరుకోకుండా వల కొనివ్వడమే న్యాయం.

గోతుల విషయంలో లెక్క చూద్దాం. రెండున్నర మీటర్ల దూరంలో మొక్కలు పెడితే హెక్టారుకు 1,600 గోతులు. ఒక్కో గొయ్యి 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. మొత్తం తవ్వే మట్టి దాదాపు 146 ఘనపు మీటర్లు. గోతుల నోళ్ల విస్తీర్ణం 324 చదరపు మీటర్లే కదా అంటారు. కానీ గొయ్యి రాతిమీద తవ్వరు. రాళ్ల మధ్య మట్టి లోతున్నచోటే తవ్వుతారు, దుంపలున్నదీ సరిగ్గా అక్కడే. తవ్విపోసిన మట్టి పక్కనున్న పలుచని నేలను కప్పేస్తుంది. తవ్వకముందు పొదలు నరికేస్తారు, తర్వాత రెండు మూడేళ్లు కలుపు పేరుతో మిగిలినవి పీకేస్తారు. చెట్లు పెంచితే కిందివి వాటంతటవే వస్తాయన్న మాట ఇక్కడ చెల్లదు. యూకలిప్టస్ నీడలోకి బండపరుపు మొక్కలు రావు, వాటికి ఎండా, ఊటనీరూ, పలుచని మట్టీ కావాలి. బండపరుపులనూ, శిఖరాల గడ్డినీ, దుంపలున్న చరియలనూ తోట పటం నుంచి తీసేయాలి. చెట్లు పెట్టాలంటే పాత జీడితోటల అంచులు, విడిచిపెట్టిన పోడు చేలు చాలా ఉన్నాయి.

లంటానా అనే కలుపు పొద మీద మాత్రం కత్తి ఎత్తాల్సిందే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పెద్ద చెట్లను కూల్చిపోయింది. అలా వెలుతురు పడే ఖాళీల్లోకి లంటానా, క్రోమోలినా ముందు వస్తాయి. చాలాచోట్ల లంటానాను మొదలు పైన నరికి వదిలేస్తారు, మొదలు కణుపుల నుంచి పది కొమ్మలతో మళ్లీ లేస్తుంది. నేలకింద మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున తల్లివేరు కోసి, పొదను తలకిందులుగా తిరగేసి ఎండనివ్వాలి. మొత్తం వేరు పెకలిస్తే నేల కదిలి పాత గింజలు మొలుస్తాయి, కాబట్టి అంత లోతు తవ్వకూడదు. కాయ పండకముందే ఈ పని కావాలి. పిట్టలు కూర్చునే చెట్ల కింద మొలకలు దట్టంగా వస్తాయి, తొలి వానల తర్వాత నేల మెత్తబడ్డప్పుడు వాటిని చేత్తో పీకాలి. ఖాళీ అయిన నేలను వదిలేస్తే హిప్టిస్, వయ్యారిభామ నిండుతాయి. పక్క చరియ నుంచి నవంబరులో సేకరించిన గడ్డి గింజలు వానలకు ముందు చల్లాలి. మొదటి ఏడు రెండుసార్లు, రెండో ఏడు, మూడో ఏడు ఒక్కోసారి తిరిగి చూసి పీకాలి. బడ్జెట్లో మొదటి కోతకే డబ్బు పెట్టి తర్వాతి రెండేళ్లకు పెట్టకపోతే ఆ చరియ మళ్లీ లంటానాదే.